పొట్టి తాడు

ఆ ఏడు ఎండలు తగ్గుముఖం పట్టాక మా గుడారానికి రెండు తాళ్ళు వచ్చాయి. రెండూ నల్ల గుర్రం వెంట్రుకలతో పేనినవే. ఒకటి పొడుగుది, ఒకటి పొట్టిది. తెచ్చినవాడు ఓల్జె, మా సేనాధిపతి తాయిషి ఇంటి పెత్తనమంతా చూసే మనిషి. తలుపు కంబళి ఎత్తి పట్టుకోవడం కోడళ్ళ పని కాబట్టి నేను ఎత్తి పట్టుకున్నాను. ఆయన గడప తొక్కకుండా దాటాడు, అంతవరకు మర్యాదే. ఆ తర్వాత ఎవరూ కూర్చోమనకుండానే వెళ్ళి పెద్దల చోట కూర్చున్నాడు.

ఖాన్ పోయి అప్పటికి రెండు నెలలు. వేటలో గుర్రం మీంచి పడిపోయాడన్నారు. మా గుర్రాలు పసిపిల్లల్ని కూడా పడెయ్యవు, ఖాన్‌లని మాత్రం ఏరి మరీ పడేస్తాయి. నాకు తెలిసి ఆయన మూడోవాడు. ముగ్గురు పడ్డప్పుడూ పక్కన ఉన్నది బూఖదాయ్ తాయిషే. సైన్యం ఆయనది, మంచి పచ్చికంతా ఆయనది, ఖాన్ ముద్ర ఉండేది ఆయన నడుం పట్టీలో. ఆయనకి లేనిది ఒక్కటే, ఎముక, అంటే ఖాన్‌ల వంశం. చెంగిజ్ ఎముకన పుట్టినవాణ్ణే తెల్ల కంబళి మీద కూర్చోబెట్టి ఎత్తాలి, అప్పుడే వాడు ఖాన్. పెద్ద గోడ దాటి దక్షిణాన ఉన్న పట్నాలు పోయాయి, పన్నులు పోయాయి, తాతలు ఏలినదాంట్లో సగానికి సగం గాలికి పోయింది. ఈ ఒక్క కట్టుబాటు మాత్రం మిగిలింది.

ఆ తెల్ల కంబళి చేసేది మా అత్త. ఆవిడకి ముందు ఆవిడ అత్త చేసేది. అత్త పేరు కోడలు నోటితో పలకకూడదు కాబట్టి నేను చెప్పను. ఊరంతా ఉన్ని ముసలమ్మ అనేవాళ్ళు.

పొడుగు తాడు కొలతకి తెల్ల కంబళి కావాలన్నాడు ఓల్జె. పొట్టి తాడు కొలతకి బూడిదరంగుది. ఆకురాలే నెలలో నిండు చంద్రుడి రోజున ఖాన్‌ని ఎత్తే సభ, అప్పటికి రెండూ కావాలి.

అత్త పొడుగు తాడుని వేళ్ళ మధ్య లాగి చూసింది. "ఎవర్ని ఎత్తుతున్నారు నాయనా? ఇంత కొలత పాత ఖాన్‌కి కూడా పట్టలేదే."

"కూర్చునేవాడి కొలత కూర్చునేవాడికి తెలుసులే."

తాయిషి ఒళ్ళు ఎంతో మా అందరికీ తెలుసు. ఆయన ఎక్కితే గుర్రం ముందు ఒక నిట్టూర్పు విడిచి, ఆ తర్వాత అడుగేసేది. అంటే ఈసారి ఖాన్‌ని తేవడం కాదు, తనే ఖాన్ అవుతున్నాడన్నమాట. నేను పాలగిన్నె కింద పెట్టేశాను. అత్త మాత్రం మేకపిల్ల బేరంలా తల ఊపింది. రెండు సంగతులు గుర్తుంచుకోమని ఓల్జెకి చెప్పింది. తెల్ల కంబళి తల్లికంబళిలో చుట్టి ఉండగానే సభకి రావాలి, జనం ముందే విప్పాలి, అంతకుముందు మగవాడి కన్ను పడకూడదు. ఇక జనం ముందు విప్పినదాన్ని ఖాళీగా తిరిగి చుట్టకూడదు. చుడితే ఆ ఏడు మందలు మిగలవు.

"తెలుసు ముసలమ్మా. ఈ సోదంతా మా నాన్న కూడా చెప్పాడు."

"మీ నాన్న చెప్పే ఉంటాడు. నీ బొడ్డు కోసింది నేనే. అప్పుడు కూడా ఇలాగే అరిచావు."

పొట్టిది ఎందుకని నేను అడిగాను. నాకెందుకని అడిగాడు ఆయన. వెళ్తూ వెళ్తూ నా మొగుడు బాయిదర్‌ని వెంట తీసుకుపోయాడు. తాయిషి గుడారం కాపలాకి మనుషులు తక్కువయ్యారట, కంబళ్ళు అందిన రోజున పంపేస్తారట. కాపలాకి మనుషులు తక్కువైన తాయిషిని నేను ఎక్కడా చూడలేదు. బాయిదర్ జీను బిగిస్తూ నాకేసి చూసి, ఉన్ని బాగా కొట్టండి అన్నాడు. అంతే అన్నాడు. ఆ మనిషికి మాటలు ఎప్పుడూ కరువే.

వాళ్ళు కనుమరుగయ్యాక నేను అత్త మీద పడ్డాను. ఎదురుచెప్పకుండా ఎలా ఒప్పుకున్నావని అడిగాను. అత్త తాళ్ళు రెండూ గుడారం కమ్మీకి తగిలిస్తూ, ఎదురు చెప్తే నీ మొగుణ్ణి వదిలేసి పోయేవాళ్ళా అంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించాలి కదా, గుర్రప్పాల తిత్తిని ఆ సాయంత్రం అంతా కవ్వంతో పొడుస్తూ కూర్చున్నాను. ఆ పాలంత బాగా పులిసినవి మళ్ళీ ఎప్పుడూ తాగలేదని అత్త చచ్చేదాకా అనేది.

మా కంబళి మగ్గం మీద నేసేది కాదు. గొర్రెపిల్లల ఉన్నిని కొట్టి, పాత కంబళి మీద పొరలుగా పరిచి, నీళ్ళు చిలకరించి, చుట్టి, తడి తోలులో కట్టి గుర్రంతో ఈడ్పిస్తాం. ఈడ్చి ఈడ్చి ఉన్ని ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. కింద పరిచే పాతదాన్ని తల్లి అంటాం, కొత్తది దాని కూతురు. మా ఇంటి తల్లి మీద నలుగురు ఖాన్‌ల కంబళ్ళు పుట్టాయి.

చుట్టుపక్కల గుడారాల ఆడవాళ్ళు పదిమంది ఉన్ని కొట్టడానికి వచ్చారు. ఎద్దుతోలు పరిచి, రెండు వరసల్లో కూర్చుని, విల్లో చెట్టు బెత్తాలతో లయగా కొడుతున్నాం. ఎవరి కోసం కొడుతున్నామో అందరికీ తెలుసు. ఎవరూ ఆ పేరు ఎత్తడం లేదు. గోడలకి చెవులుంటాయంటారు, మా గోడలు ఉన్నివి, అన్నీ చెవులే. ఒకామె మాత్రం బెత్తం ఎత్తి, ఇది ఆయన వీపు అనుకుంటే చెయ్యి నొప్పి తెలియట్లేదే అంది. ఎవరి వీపని ఎవరూ అడగలేదు. ఆ రోజు పని తొందరగా అయిపోయింది.

నాలుగో రోజున ఓగుల్ ఖాతున్ వచ్చింది. పోయిన ఖాన్ భార్య, తాయిషి సొంత కూతురు. ఇరవై రెండేళ్ళకే విధవ. తండ్రి ఆమెని ఖాన్‌కి ఇచ్చింది పిల్లనిచ్చిన మామగా పక్కన కూర్చోడానికి. ఇప్పుడు పక్కన కూర్చోడం చాల్లేదు. ఆమె వెంట నాలుగేళ్ళ కొడుకు బారస్ ఉన్నాడు. చెంగిజ్ ఎముకలో నికరంగా మిగిలింది ఆ ఒక్క బుడతడే. వాడికి ఆ సంగతి పట్టదు. కొట్టిన తెల్ల ఉన్ని కుప్ప చూడగానే అందులోకి దూకి, ముక్కుల్లో నోట్లో ఉన్ని పోయి తుమ్ముతూ దొర్లాడు. ఇంకెవరైనా అయితే అత్త వాళ్ళ వీపు పగలగొట్టేది. వాణ్ణి చూసి నవ్వింది.

ఖాతున్ తన పెళ్ళి గుడారం కంబళ్ళు కూడా ఇక్కడే చేశారని గుర్తుచేసుకుంది. నేను గిన్నెలో పాలు పోసిచ్చాను. బారస్ కమ్మీకి వేలాడుతున్న తాళ్ళలో ఒకదాన్ని లాక్కుని, పామని ఈడుస్తూ ఆడి, కాసేపటికి అలిసిపోయి ఉన్ని మీద వెల్లకిలా పడుకున్నాడు. తాడు వాడి పక్కనే సాగి ఉంది. అది పొట్టి తాడు. దాని కొస వాడి తల దగ్గర ఉంది. తాడు మీద ఒక ముడి ఉంది, ఎందుకో అంతవరకు నేను పట్టించుకోలేదు. ఆ ముడి సరిగ్గా వాడి మడమ దగ్గర ఉంది. ముడి దాటాక జానెడు తాడు మిగిలింది.

జానెడు ఎందుకో మాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ఎముక నెత్తురు నేల మీద పడకూడదు, పడితే పాపం. అందుకని ఆ వంశంలో వాళ్ళని చంపాల్సి వస్తే కత్తి ముట్టుకోరు. కంబళిలో చుట్టి, కాళ్ళ దగ్గర మడిచి కట్టి, ఊపిరి ఆగేదాకా ఉంచుతారు. ఆ మడతకి జానెడు చాలు.

నేను ఖాతున్ వంక చూశాను. ఆమె తాడు వంకే చూస్తోంది. పాలగిన్నె పెదాల దగ్గర ఉంది, తాగడం లేదు. ఆ తర్వాత మొత్తం తాగేసి, గిన్నె కింద పెట్టి, కొడుకు జుట్టులోంచి ఉన్ని ఏరడం మొదలుపెట్టింది. ఒక్కొక్క పోగు ఏరింది. ఎంతసేపు ఏరిందో.

"ఈ తాడు ఎవరు తెచ్చారు?" అంది చివరికి.

"ఓల్జె తెచ్చాడు తల్లీ," అంది అత్త.

"తెల్లదానికా?"

"కాదు. రెండోదానికి."

ఖాతున్ కొడుకుని చంకన వేసుకుంది. లేచేటప్పుడు నా దగ్గర ఆగి, బాయిదర్‌ని తన తండ్రి గుడారం బయట ఎండలో నిలబెడుతున్నారని, తను మధ్యాహ్నం పూట మంచినీళ్ళు పంపిస్తున్నానని చెప్పింది. పిల్లాడు గుర్రం మీద తల్లి ముందు కూర్చుని, కనిపించినంత దూరం మాకు చెయ్యి ఊపుతూ పోయాడు.

నాకు అప్పుడు వచ్చింది ఏడుపు కాదు, కోపం. తాయిషి మీద కోపం, ఓల్జె మీద కోపం, ఇంకో ఇంట్లో ఇవ్వకుండా నన్ను ఈ కంబళ్ళ ఇంట్లో ఇచ్చిన మా నాన్న మీద కూడా. అత్త వెళ్ళి పొట్టి తాడు తీసి ముడి మీద వేలు పెట్టి చూసింది. మర్నాడు పొద్దున్నే రెండు తాళ్ళూ తెచ్చి నా ఒళ్ళో వేసింది.

"నేను ఉన్ని కొట్టేదాన్ని. పరిచేదానివి నువ్వు. నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లో అత్త కొడితే కోడలు పరవడమే నడిచింది."

"అంటే?"

"మొగుడు నీవాడు, చెయ్యి నీది. నువ్వు ఎలా పరిస్తే అలా ఈడ్పిద్దాం. నేను పడుకుంటున్నా."

నిజంగానే గుడారంలోకి పోయి పడుకుంది. పొద్దెక్కాక ముసలావిడ పడుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్పినట్టు చేస్తే పిల్లాడు పోతాడు. చెయ్యకపోతే బాయిదర్ పోతాడు. పిల్లాడు ఎవరి పిల్లాడు, నాకేమవుతాడు అని నాకు నేను చెప్పుకున్నాను, దాస్తే ఏం లాభం. నా మొగుడు నాకు కావాలి. తల్లికంబళిని తడిపి, పొడుగు తాడు దాని మీద పరిచి, తెల్ల ఉన్ని మొదటి పిడికెడు తీసుకున్నాను కూడా. అప్పుడు తట్టింది. తాయిషి చుట్టాలు ఎవరూ ఆ బూడిద కంబళి ముట్టుకోరు. పిల్లాణ్ణి అందులో పెట్టి నాలుగు వైపులా పట్టుకునేది గుడారం కాపలావాళ్ళు. ఆ చేతుల్లో రెండు నా మొగుడివి. ఉన్ని బాగా కొట్టండి అని చెప్పి వెళ్ళిన మనిషివి. ఆ పని చేసి ఇంటికొచ్చిన చేతులని నేను ఏం చేసుకోను?

పొడుగు తాడు తీసేశాను. దాని చోట పొట్టి తాడు పరిచి, ఆ కొలతకి తెల్ల ఉన్ని పరవడం మొదలుపెట్టాను.

ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా, మళ్ళీ నిలువుగా. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఏదీ పరవలేదు. అత్త నిద్ర లేచి వచ్చి నిలబడి చూసింది. మెచ్చుకోలేదు, అది ఆవిడ స్వభావంలో లేదు. కుడివైపు మూల పలచగా ఉంది, ఇంకో పిడికెడు వెయ్యి అంది. పొడుగు తాడు కొలతకి బూడిదది వేరే పాత కంబళి మీద పరిచాం. ఉన్ని కొట్టిన ఆడవాళ్ళు పదిమందీ వచ్చి చూశారు. ఏది ఎంతుందో వాళ్ళకి కళ్ళున్నాయి. ఒక్కరూ అడగలేదు. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరూ కంబళి ఈడ్చే గుర్రం నుదుటికి దీవెనగా పాలు పూసి వెళ్ళారు.

ఆ తర్వాత వానలు పట్టాయి. పట్టకపోయినా అత్త ఏదో ఒక వంక పెట్టేది. కంబళి ఆరలేదని ఓల్జె మనిషికి మూడుసార్లు కబురు చెప్పి పంపింది. సభ రోజు పొద్దునకి గానీ సిద్ధం కాదంది. ఓల్జె రాత్రంతా గుర్రం మీద వచ్చి, మా గుడారం బయట పళ్ళు నూరుతూ నిలబడ్డాడు. తెల్లది తల్లికంబళిలోనే చుట్టి, పైన తోలు కట్టి ఉంది. తల్లి పెద్దది కాబట్టి చుట్ట కూడా పెద్దగానే ఉంది. లోపల కూతురు ఎంతుందో బయటికి తెలియదు. విప్పి చూడటానికి ఆయనకి చెయ్యి రాలేదు. మందలు ఆయనకీ ఉన్నాయి.

బూడిద చుట్టని మాత్రం కాలితో తట్టి, ఇదేమిటి ఇంత లావుంది అన్నాడు.

"మందంగా చేశాం," అన్నాను నేను. "ఎంత మందంగా ఉంటే అంత మంచిది కదా. గాలి చొరబడదు."

ఓల్జె మొహం తిప్పేసుకున్నాడు. ఆ తర్వాత దారి పొడవునా ఆయన మా బండి దగ్గరికి రాలేదు.

సభాస్థలం ఏటి వంపులో ఉంది. తెగల పెద్దలు, వాళ్ళ మనుషులు, వాళ్ళ గుర్రాలు, ఎటు చూసినా మూడు వేలకి తక్కువ లేరు. తొమ్మిది గుర్రపు తోకల జెండా కింద తాయిషి కొత్త పట్టు అంగీలో కూర్చున్నాడు. కుడిపక్క కూతురు, ఆమె ఒళ్ళో పిల్లాడు. గుడారం గుమ్మం దగ్గర కాపలాలో బాయిదర్. మనిషి చిక్కాడు, నల్లబడ్డాడు, నిలబడే ఉన్నాడు. నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను, నా మొహంలో ఏముందో చదివేస్తాడని.

పెద్దలందరూ ఇష్టపడి వచ్చినవాళ్ళు కాదు. ఉరియాంఖై తెగ పెద్ద అర్సాలన్ ముసలాయన, ఒక కన్ను లేదు, పళ్ళు అసలు లేవు, పెట్టిన మాంసం ముట్టకుండా కూర్చున్నాడు. తాయిషి మనుషుల్లో ఒకడు లేచి, ఎముక కాదు ముఖ్యం, బలం ముఖ్యం, మందని కాసేవాడిదే మంద అని ఏదో చదివినట్టు చెప్పాడు. ఏ గుర్రం ఏ వైపు కట్టి ఉందో అందరూ చూసుకుంటున్నారు. కంబళి తెమ్మన్నారు.

నేను, అత్త చుట్టని మోసుకెళ్ళి మధ్యలో పెట్టాం. అత్త ముడులు విప్పింది. తల్లికంబళి దొర్లింది, దొర్లింది, పూర్తిగా పరుచుకుంది. దాని మధ్యలో మంచులాంటి తెల్ల కంబళి, నాలుగేళ్ళ పిల్లాడికి సరిగ్గా సరిపోయేంత.

గుర్రాలు కళ్ళేలు నములుతున్న చప్పుడు వినిపించింది.

ఓల్జె తట్టుకోలేకపోయాడు. "ఇది కాదు. ఈ కొలత ఆ రెండోదానికి చెప్పింది," అనేసి, అప్పటికే అన్న మాట నోట్లోకి తీసుకోలేక నిలబడిపోయాడు.

"ఏ రెండోదానికి?" అన్నాడు అర్సాలన్.

అత్త చేతులు కట్టుకుని ముందుకి జరిగింది. ఆవిడ అంత వినయంగా ఉండటం నేను అదే మొదటిసారి చూడటం, అదే చివరిసారి కూడా. "తప్పైపోయింది అయ్యా. రెండు తాళ్ళు ఇచ్చారు, రెండూ ఒకే రంగువి. పెద్దది తెల్లదో, చిన్నది తెల్లదో, ముసలి బుర్ర, మర్చిపోయాం. పెద్దది కూడా తెచ్చాం. బండిలో ఉంది. కోడలా, తీసుకురా."

నేను వెళ్ళి బూడిద చుట్ట భుజాన వేసుకొచ్చి తెల్లదాని పక్కన పరిచాను. మంచి లావుపాటి మనిషి పడుకోవచ్చు దాని మీద. జనంలో గుసగుస మొదలైంది. తెల్లది పొట్టిది, బూడిదది పొడుగుది. తారుమారు చేసి చూడటానికి ఎవరికీ ఎంతోసేపు పట్టలేదు.

అర్సాలన్ మెల్లగా లేచాడు. "మరి పొట్టి బూడిద కంబళి ఎందుకు చెప్పినట్టు తాయిషీ? తెలియక అడుగుతున్నా."

"గుర్రానికి," అన్నాడు ఓల్జె. "చలికి కప్పడానికి."

"అంత పొట్టి గుర్రం ఉందా మీ మందలో?" అన్నాడు ముసలాయన. వెనక ఎవరో నవ్వారు. తర్వాత ఇంకొకరు. ఆ నవ్వులో సరదా లేదు. నవ్వుతూనే కొంతమంది గుర్రాల వైపు ఒక అడుగు వేశారు.

తాయిషి కళ్ళు అత్త మీద ఉన్నాయి, అక్కణ్ణించి నా మీదికి వచ్చాయి. కొలతలు మార్చారని మమ్మల్ని అక్కడే నరికించవచ్చు. కానీ ఏ కొలత దేనికి చెప్పాడో, ఎందుకు చెప్పాడో తన నోటితోనే చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు ఆయన. నుదుటి మీద చెమట పట్టింది, తుడుచుకోలేదు. నాకు భయం వెయ్యలేదని చెప్పను. కానీ కళ్ళు దించుకోలేదు, అది మాత్రం గట్టిగా చెప్తాను.

"తెల్లదాని మీద మీరే కూర్చుంటారా?" అన్నాడు అర్సాలన్. "కూర్చోండి, ఎత్తుతాం. మోకాళ్ళు మాత్రం నేల మీదే ఉంటాయి."

అప్పుడు ఓగుల్ ఖాతున్ లేచింది. ఎవర్నీ చూడలేదు, తండ్రిని కూడా చూడలేదు. కొడుకుని ఎత్తుకొచ్చి, చెప్పులు విప్పి, తెల్ల కంబళి మధ్యలో కూర్చోబెట్టింది. బారస్ అరచేత్తో కంబళి నిమిరి చూసుకున్నాడు. ఖాతున్ వెనక్కి తిరిగి, తండ్రితో అంది:

"విప్పినదాన్ని ఖాళీగా చుట్టకూడదంట నాన్నా. వచ్చి ఒక మూల పట్టుకోండి. మీ మనవడే."

ఒక మూల అర్సాలన్ పట్టుకున్నాడు. ఇంకో రెండు మూలలకి ఇద్దరు పెద్దలు ఒకర్నొకరు తోసుకుంటూ వచ్చారు. నాలుగో మూల ఖాళీగా ఉంది. మూడు వేల మంది ఎదురుచూస్తున్నారు. తాయిషి లేచాడు, నడిచి వచ్చాడు, వంగాడు. అంత పెద్ద మనిషి వంగడానికి చాలాసేపు పట్టింది. నాలుగో మూల ఎత్తాడు. పిల్లాడు గాల్లోకి లేచి, భయపడి, తాత మెడ పట్టుకున్నాడు.

దానితో అంతా బాగుపడిందని చెప్తే మీరు నమ్మరు, నేనూ చెప్పను. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మనవడి పేరున తాయిషే ఏలాడు. ముద్ర ఆయన నడుంలోనే ఉంది, సైన్యం ఆయనదే. పిల్లాడు బతికాడు. వాడు పెద్దవుతున్నకొద్దీ తాయిషి ముసలివాడయ్యాడు, అదొక్కటే మాకు దక్కింది, అది తక్కువేం కాదు. మా మీద కక్ష మాత్రం ఆ చలికాలమే తీర్చుకున్నాడు. మమ్మల్ని ఉప్పునేలల వైపు తోలేశాడు. మందలో సగం పోయింది. తల్లికంబళిని గౌరవంగా భద్రపరుస్తామని తీసుకెళ్ళారు, మళ్ళీ కనపడలేదు. అత్త ఆ మాఘమాసపు చలిలోనే పోయింది. పోయేముందు నన్ను పిలిచి, కుడివైపు మూల బాగా కుదిరిందే అంది. ఏ మూల గురించో నాకు తెలుసు.

బాయిదర్ సభ రోజునే ఇంటికొచ్చాడు. నాలుగో రోజు జీను తుడుస్తూ, మొహం అటు తిప్పుకుని చెప్పాడు, ఆ సాయంత్రం ఒక బూడిద కంబళి మోయాలని తనకి ముందే చెప్పి ఉంచారట. ఎందుకో చెప్పలేదట. నేను లేచి వెళ్ళి ఆయన రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను.

పొడుగు బూడిద కంబళి తమదని ఎవరూ అనలేదు. మా బండిలోనే తిరిగొచ్చింది. మందంగా, గట్టిగా, మంచి పని. దాన్ని రెండుగా మడిచి మా తలుపుకి వేలాడదీశాం. ఇప్పటికీ ఉంది.

ఎనిమిదేళ్ళ తర్వాత ఒక చలికాలం మంచుతుపానులో తాయిషి మా గుడారం ముందు గుర్రం దిగాడు. మనుషులు దారి తప్పారట, ఎవరి గుడారమో కూడా తెలియదట. తుపానులో వచ్చినవాణ్ణి కాదనడం మాలో లేదు. కట్టెలు వేశాను, పాలు కాచి ఇచ్చాను. చేతులు వెచ్చబడ్డాక ఆయన కళ్ళు తలుపు మీదికి పోయాయి.

"మంచి కంబళి," అన్నాడు. "ఇంత బరువుది తలుపుకి వేశావేం? ఎవరి కొలతకి చేసిందిది?"

"మీ కొలతకే అయ్యా," అన్నాను. "మీరు పంపిన తాడే."

పాలు పూర్తిగా తాగాడు. గిన్నె కింద పెట్టాడు. తుపాను తగ్గిందని మనుషులు చెప్తే లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. నా వంక చూశాడు. పెద్దవాళ్ళు వెళ్తుంటే తలుపు ఎత్తి పట్టుకోవడం ఇంటి కోడలి పని. నేను పొయ్యి దగ్గర నించి లేవలేదు. ఆయనే రెండు చేతులా ఆ కంబళి ఎత్తుకుని, నడుం వంచి, దాని కింద నించి బయటికి పోయాడు.